‘పరిశీలనలో ఉంది’ అంటే అవునా, కాదా?

ఇరవై రెండేళ్లు శాసనసభ ప్రెస్ గ్యాలరీలో కూర్చుని మంత్రుల జవాబులు రాసుకున్నాను. మొదట హైదరాబాద్‌లో, 2017 నుంచి వెలగపూడిలో. పుట్టి పెరిగింది మాత్రం శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం ఒడ్డున. నాన్న తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. అందుకే ఈ శీర్షికకు తీరం నుంచి వచ్చే ఉత్తరాలు ముందు విప్పుతాను. ఈసారి ఉప్పాడ నుంచి వచ్చినదానికి ఎక్కువ చోటు కావాలి కాబట్టి దాన్ని చివర పెట్టాను.

మా ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారి పోస్టు రెండేళ్లుగా ఖాళీ. మా ఎమ్మెల్యే సభలో అడిగితే ‘విషయం పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది. మేం సంతోషించాలా, ఆశ వదులుకోవాలా?
– పాఠశాల కమిటీ సభ్యుడు, విజయనగరం జిల్లా

వదులుకోకండి. ఆ మాటకు మీరు అనుకుంటున్నదానికంటే ఎక్కువ బరువుంది.

మంత్రులు సభలో అన్న మాటల్లో ఏవి హామీలో ఏరి, వాటిని వెంటాడే కమిటీ ఒకటి ఉంటుంది. పేరు ప్రభుత్వ హామీల కమిటీ. లోక్‌సభలో 1953 నుంచి ఉంది. ఏయే మాటలు వస్తే హామీగా లెక్కవేయాలో అక్కడ ఒక పట్టిక కూడా ఉంది. ‘పరిశీలనలో ఉంది’, ‘విచారణ జరుపుతున్నాం’, ‘చూస్తాను’, ‘సభ్యుడికి తెలియజేస్తాను’ వంటివన్నీ ఆ పట్టికలోవే. లోక్‌సభలో అలా అన్న మంత్రి మూడు నెలల్లో ఆ సంగతి తేల్చాలి, లేదంటే గడువు పెంచమని కమిటీని అడగాలి. మన రెండు రాష్ట్రాల శాసనసభల్లోనూ హామీల కమిటీలున్నాయి. వాటి గురించి వార్తలు తక్కువ, అందువల్ల జనానికి తెలియదు. నాకు కూడా ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకు గానీ తెలియలేదు. అప్పటిదాకా ‘పరిశీలిస్తాం’ అన్న జవాబు రాగానే పెన్ను మూసేసేదాన్ని. ఆ ఆరేళ్లలో ఎన్ని ఊళ్ల సంగతులు వదిలేశానో అని ఇప్పటికీ బాధపడతాను.

మీరు చేయాల్సింది ఇది. ఆ జవాబు ప్రతి సంపాదించండి. తేదీ, ప్రశ్న నంబరు రాసుకోండి. ‘ఫలానా తేదీన ఇచ్చిన హామీ ఏమైంది’ అని మీ ఎమ్మెల్యే ద్వారానే హామీల కమిటీకి ఉత్తరం పెట్టించండి.

ఇంకో మాట. డీఎస్సీ ప్రకటన చూసి మన ఊరి కుర్చీ నిండినట్టే అనుకోవద్దు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటిస్తే 15,941 మంది ఎంపికయ్యారు. రాష్ట్రం లెక్కగా అది పెద్ద సంఖ్యే, ఎన్నో ఇళ్లలో దీపం పెట్టింది కూడా. కానీ మీ పిల్లలకు కావాల్సింది ఒక్కరు. ప్రశ్నలో స్కూలు పేరు, సబ్జెక్టు, ఖాళీ ఏర్పడిన తేదీ ఉండేలా చూడండి. ‘రాష్ట్రంలో ఖాళీలెన్ని’ అంటే రాష్ట్రం అంకే వస్తుంది. మీ స్కూలు సంగతి అందులో కనిపించదు.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చేపపిల్లలు మా చెరువుకు ఆలస్యంగా వచ్చాయి, చిన్నవి. సభలో మాత్రం ‘లక్ష్యం పూర్తయింది’ అని చెప్పారు. ఎవరిని అడగాలి?
– మత్స్యకార సహకార సంఘం సభ్యుడు, కరీంనగర్ జిల్లా

తెలంగాణలో 2016-17 నుంచి నూరు శాతం సబ్సిడీతో చెరువుల్లో చేపపిల్లలు వదులుతున్నారు. ఏడాదంతా నీరుండని చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు. లక్ష్యమంటే ఎన్ని పిల్లలు వదిలారన్న లెక్క. అందులో ఎన్ని బతికాయో, వేసవిలో నీరు దిగేలోపు బొచ్చె, రవ్వ అమ్ముడుపోయే బరువుకు వచ్చాయో లేదో ఆ లెక్క చెప్పదు.

కాబట్టి అన్నా, పిల్లలు వదిలే రోజు సంఘం తరఫున ఇద్దరు ముగ్గురు దగ్గరుండండి. పది పిల్లల్ని స్కేలు పక్కన పెట్టి తేదీతో ఫోటో తీయండి. ‘మా చెరువులో ఏ తేదీన, ఏ సైజువి, ఎన్ని వదిలారు’ అని మీ ఎమ్మెల్యే చేత మత్స్యశాఖ మంత్రిని అడిగించండి.

డిగ్రీ అయి మూడేళ్లయింది. నాన్న బోటు మీద వేటకు వెళ్తున్నాను, జీతం లేదు. పార్లమెంటులో మంత్రి నిరుద్యోగం 3.2 శాతమే అని చెప్పారు. ఆ నిరుద్యోగుల్లో నేనున్నానా?
– శ్రీకాకుళం జిల్లా, సోంపేట మండలం

లేవు తమ్ముడూ. నీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మంత్రి చెప్పిన అంకె తప్పు కాదు. అది కేంద్రం చేయించే పీఎల్ఎఫ్ఎస్ అనే సర్వేలోది. 2017-18లో 6 శాతం ఉన్న నిరుద్యోగం 2023-24లో 3.2 శాతానికి తగ్గిందని అందులో ఉంది. అయితే ఆ సర్వే ‘పని’ అని దేన్ని అంటుందో చూడాలి. గడిచిన ఏడాదిలో ఎక్కువ కాలం ఏదో ఒక పనిలో ఉంటే ఉద్యోగి కిందే లెక్క. అలా కాకపోయినా, ఉపవృత్తిగా 30 రోజులు పని చేస్తే చాలు, ఉద్యోగే. ఇంటి పనిలో, అంటే ఇంటివాళ్ల పొలంలోనో కొట్లోనో బోటు మీదో, జీతం లేకుండా సాయపడినా అదీ ఉద్యోగమే. నువ్వు తెల్లవారుజామున మూడింటికి నాన్నతో వల లాగుతున్నావు కాబట్టి సర్వే దృష్టిలో నువ్వు నిరుద్యోగివి కావు. డిగ్రీ చేసినవాడివా, జీతం ఉందా అన్నది ఆ ఒక్క అంకెలో కనిపించదు.

ఆ లెక్కను కొట్టిపారేయమని నేననను. వల లాగడం పని కాదని ఎవరైనా అంటే మా నాన్న ఊరుకునేవాడు కాదు. నేననేది మంత్రిని అదే సర్వేలోని మిగతా వరుసలు కూడా అడగాలని. 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో నిరుద్యోగం ఎంత? 2023-24లో దేశం మొత్తం మీద అది 10.2 శాతం. నెల జీతం మీద ఉన్నవాళ్లెంత? జీతం లేకుండా ఇంటి పనిలో సాయపడేవాళ్లెంత? ఇవన్నీ ఆ నివేదికలోనే ఉంటాయి. ఈ మూడు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూపమని మీ ఎంపీ రాతపూర్వక ప్రశ్న వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు నక్షత్రపు గుర్తుండి మంత్రి లేచి నోటితో చెప్పాల్సిన ప్రశ్నలు 20 మాత్రమే తీసుకుంటారు. రాతపూర్వకంగా జవాబిచ్చేవి 230 దాకా ఉంటాయి. అంకెలు కావాలంటే రాతపూర్వకమే మేలు. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక పరుగెత్తితే లాభం లేదు.

మన వైపు కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ ఎందుకు పోతారో నీకు నేను చెప్పక్కర్లేదు. 2018 నవంబరులో అక్కడి బోట్ల మీద పనిచేస్తూ పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లలో 20 మంది మన ఆంధ్రా మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. అంతకాలం వాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో నాకు తెలుసు. పట్టుబడిన రోజు దాకా వాళ్లు కూడా లెక్కలో ఉద్యోగులే. ఊళ్లో పని దొరికితే ఎవరూ అంత దూరం పోరు. మన జిల్లాలో హార్బరు ఎప్పుడు, శీతల గిడ్డంగి ఎక్కడ, వాటిలో ఎందరికి పని అన్న ప్రశ్నలు నిరుద్యోగం ప్రశ్నలే. అవి రాష్ట్ర మంత్రికి వేయాల్సినవి.

మా అమ్మాయి పది పాసైంది. చేపలకు సంబంధించిన చదువేదైనా ఉందా?
– బాపట్ల జిల్లా

ఉంది. కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో మత్స్య పాలిటెక్నిక్ ఉంది. విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్ శాఖ ఉంది, అక్కడ బోటు నడపడం, ఇంజను పని నేర్పుతారు. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరు కళాశాలలో నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్ఎస్సీకి పోటీ పడవచ్చు. పంపండి. తీరం ఊళ్ల ఆడపిల్లలు మత్స్యశాఖ అధికారులుగా రావాలని నాకు గట్టి కోరిక.

అమ్మా, మాది ఉప్పాడ. ఇల్లు ఒకసారి సముద్రంలో కలిసిపోయింది. వేట నిషేధం రెండు నెలలు మగవాళ్లకి డబ్బులు వేస్తున్నారు. నేను ఒడ్డున వేలం పాటలో చేపలు కొని గంపలో అమ్ముతాను. వేట ఆగితే నా గంప కూడా ఖాళీయే కదా. మా ఆయన పోయి నాలుగేళ్లయింది, ఇంట్లో వేటకెళ్లే మగాడు లేడు. నాకెందుకు రాదు? ఎంపీ మనుషుల్ని అడిగితే ఇది రాష్ట్రానిది అన్నారు.
– ఒక చేపలమ్మ, కాకినాడ జిల్లా

చెల్లీ, నువ్వు అడిగింది న్యాయం.

ముందు ఎవరిది ఏదో చెప్తాను. రాజ్యాంగంలో చేపల వేట రాష్ట్రాల జాబితాలో ఉంది. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు దాటిన సముద్రం మాత్రం కేంద్రానిది. అందుకే నిషేధం ఉత్తర్వులు కూడా రెండు వస్తాయి, దూరపు సముద్రానికి కేంద్రం ఇస్తుంది, దగ్గరి నీళ్లకు రాష్ట్రం ఇస్తుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. 2015కు ముందు 47 రోజులే ఉండేది. గుడ్లు పెట్టే కాలంలో చేపను వదిలేయాలి, అది మనకూ మంచిదే. కానీ నిషేధం పధ్నాలుగు రోజులు పెరిగింది, ఆ రోజుల్లో గంపలవాళ్లు ఏం తింటారన్న ప్రశ్న ఎవరూ గట్టిగా వేయలేదు.

ఆ డబ్బులు, అంటే వేట నిషేధ భృతి, ఇచ్చేది రాష్ట్రం. 4,000 రూపాయలు ఉండేది 2019లో 10,000 అయింది, 2025 ఏప్రిల్‌లో 20,000 అయింది. ఆ పెంపు మంచి పని, మనసారా చెప్తున్నాను. అయితే ఆ డబ్బు లెక్క బోటును పట్టుకుని నడుస్తుంది. ఒడ్డున ఆగిన బోటు దగ్గరికి వెళ్లి దాని మీద వేటకెళ్లేవాళ్ల పేర్లు రాస్తారు. నీ పని బోటు దిగాక మొదలవుతుంది. అందుకే నీ పేరు ఎక్కదు.

ఇది నాకు కొత్త కాదు. ఒక ఏడాది నిషేధం రోజుల్లో లెక్కలు రాసేందుకు మా ఇంటికి ఒకాయన వచ్చారు. నాన్న పేరు, తెప్ప వివరం రాసుకున్నారు. అమ్మ గడప పక్కన ఎండు నెత్తళ్లు ఏరుతోంది. గంప గోడకు బోర్లించి ఉంది. ఆయన నాన్ననే అడిగారు, ‘ఈవిడ?’ అని. నాన్న ఏదో చెప్పబోయేలోగా ‘గృహిణి’ అని రాసేశారు. అప్పటికి అమ్మ ముప్పై ఏళ్లుగా రోజుకు ఆరేడు మైళ్లు నడిచి చేపలు అమ్ముతోంది. నా ఫీజులు కట్టింది ఆ గంపే. ఆ మాట ఆ కాగితంలో ఎక్కడా పడలేదు.

ఇప్పుడు నీ ప్రశ్న ఎలా వేయించాలో చెప్తాను, ఇది శ్రద్ధగా విను. మన సభలో ప్రశ్న అ, ఆ, ఇ అని ముక్కలుగా ఉంటుంది. చాలామంది ఎమ్మెల్యేలు ‘అ’ ముక్కలో ‘చేపలమ్మే మహిళలకు భృతి ఇచ్చే ప్రతిపాదన ఏదైనా ఉన్నదా?’ అని మొదలుపెడతారు. దానికి ‘లేదండి’ అని ఒక్క మాట వస్తుంది. ఆ తర్వాత ‘ఆ’కీ, ‘ఇ’కీ ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని వస్తుంది. పుస్తకం మూసేస్తారు. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కాబట్టి అవునూ కాదూ అనేలా మొదలు పెట్టవద్దు. ఎంతమంది అని మొదలుపెట్టాలి. నేను ఇలా రాశాను:

అ) కాకినాడ జిల్లా తీర గ్రామాల్లో ఒడ్డున చేపలు కొని అమ్మే, ఎండబెట్టే మహిళలు గ్రామాల వారీగా ఎంతమంది?
ఆ) వారిలో ఇంట్లో వేటకెళ్లే మగవారు లేనివారు ఎంతమంది?
ఇ) గత మూడేళ్లలో నిషేధ కాలంలో వారికి ప్రభుత్వం నుంచి అందిన సాయం ఎంత, ఏ పథకం కింద?
ఈ) వారి లెక్క ప్రభుత్వం వద్ద లేకపోతే, ఎప్పటిలోగా సేకరిస్తారు?

దీనికి ‘లేదండి’ అని తప్పుకోవడం కష్టం. లెక్క లేదంటే ఆ మాట సభ రికార్డులోకి ఎక్కుతుంది. ‘వివరాలు సేకరిస్తున్నాం’ అంటే విజయనగరం పాఠకుడికి చెప్పినట్టు అది హామీ అవుతుంది.

ఈ పేజీని చించి మీ ఎమ్మెల్యే చేతికివ్వు. ఒక్కదానివే వెళ్లొద్దు, పాటకు వచ్చే పదిమందీ కలిసి గంపలతోనే వెళ్లండి. ఆయన వేయకపోతే శాసనమండలి సభ్యులు ఎవరైనా వేయొచ్చు, వాళ్లకూ ఆ హక్కుంది. మీ ఊరి సచివాలయంలో మత్స్య సహాయకులు ఉంటే ఈలోగా మీ పదిమంది పేర్లు, ఎన్నేళ్లుగా అమ్ముతున్నారో, ఏ ఒడ్డున కొంటున్నారో రాసి ఒక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. వృత్తి దగ్గర ‘గృహిణి’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ‘చేపల అమ్మకం’ అని రాయించండి.

జవాబు ఏదొచ్చినా ఆ కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపు. వచ్చినది వచ్చినట్టే ఇక్కడ వేస్తాను.