25 డిగ్రీల ఫోను, 43 డిగ్రీల ఊరు

ఆదోని తమ్ముడు అడిగింది ఇది: ఏప్రిల్ వచ్చిందంటే ఫోన్లో బీజీఎంఐ (పబ్జీ లాంటి తుపాకుల ఆట) పది నిమిషాలు నున్నగా నడిచి, ఆ తర్వాత ఫ్రేములు, అంటే సెకనుకు తెరమీద మారే బొమ్మలు, పడిపోయి నత్తలాగా పాకుతోందట. ల్యాప్‌టాప్‌లో ఏ గేమ్ పెట్టినా ఇదే కత. నలభై వేలు పెట్టి గేమింగ్ ఫోన్ కొంటే ఈ పీడ విరగడవుతుందా, కొంటే ఏది కొనాలి? చివర్లో ఇంకొకటి కూడా అడిగాడు: అంతరిక్షంలో సర్వర్లు పెడతారంట గదా, అక్కడైతే ఈ వేడి గోల ఉండదా అని.

విరగడ కాదు. మే నెలలో అయితే అసలు కొనొద్దు. అంతరిక్షం సంగతి తర్వాత చెప్తా, అది ఇంకా గమ్మత్తు.

నేను కర్నూలోణ్ణి. పాత ఊర్లో నెట్ సెంటర్ నడిపి, అది మునిగిపోయాక ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నా. ఉగాది పోయిందంటే చాలు, నీలాంటి పిల్లోళ్ళు రోజుకు ఇద్దరైనా వస్తారు. "అన్నా, ప్రాసెసర్ పాడైపోయినట్టుంది" అంటారు. పాడైపోలేదు తమ్ముడూ, పాడైపోకుండా తనను తాను కాపాడుకుంటోంది. చిప్ తాగే కరెంటంతా చివరికి వేడే అవుతుంది. ఆ వేడి హద్దు దాకా పోగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీలు. ఫోనుకు అంతకంటే చాలా ముందే బ్రేకు పడుతుంది. దానికి ఫ్యాను లేదు, పైగా అది నీ చేతిలో ఉంటుంది. నీ వేళ్ళు కాలకూడదు, పక్కనే ఉన్న బ్యాటరీ చెడకూడదు. థ్రాట్లింగ్ అంటారే, అది ఇదే. మీ ఆదోని పత్తి మార్కెట్లో హమాలీలు మిట్టమధ్యాహ్నం అడుగు నిదానిస్తారు చూడు, అట్లా. చేతగాక కాదు గదా.

ఇంగ అసలు సంగతి. వేడి బయటికి పోవాలంటే బయట చల్లగా ఉండాలి. ఎంత తేడా ఉంటే అంత తొందరగా పోతుంది. ఫోను వీపు 45 డిగ్రీలు అనుకో. బెంగుళూరులో ఏసీ గదిలో 25 ఉంటుంది, తేడా 20. మన ఇంట్లో, బండలు పరిచిన మిద్దె కింద, సాయంత్రం మూడు గంటలప్పుడు 40 ఉంటుంది, తేడా 5. అదే ఫోను, అదే గేము, బయటికి పోయే వేడి మాత్రం దగ్గరదగ్గర నాలుగో వంతు. యూట్యూబులో రివ్యూ చేసే పిల్లోడు "గంట ఆడినా ఒక్క ఫ్రేమ్ పడలేదు బ్రో" అంటే అబద్ధం చెప్తున్నాడని కాదు. వాడి గది వేరు, మన గది వేరు. ఆపిల్ వాళ్ళయితే దాచుకోకుండా రాసే పెట్టారు, ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోట వాడుకోమని. లక్ష రూపాయల ఫోనుక్కూడా మన ఏప్రిల్, మే నెలలు లెక్కలో లేవు.

ఫోన్లే కాదు. ఓర్వకల్లు దిక్కు పోతే కనిపించే 1,000 మెగావాట్ల సోలార్ పార్కు తెలుసు గదా. సోలార్ పలక వెనక అచ్చేసి ఉండే వాట్లు పలక 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినవి. ఆ పైన ఒక్కో డిగ్రీకి 0.3, 0.4 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. మన ఎండకు పలక 60 దాటడం పెద్ద వింతేం కాదు. "కర్నూలు ఎండకు కరెంటు కుమ్మేస్తుంది" అనేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పలకకు కావాల్సింది వెలుతురు, కాక కాదు. ఈ 25 అనే అంకె మీద నాకు శానా ఏండ్ల కోపం ఉందిలే.

ఆ కోపం నెట్ సెంటర్ నాటిది. రేకుల కప్పు కింద ఎనిమిది పెంటియం 4 కంప్యూటర్లు, ఎనిమిది లావుపాటి పెట్టె మానిటర్లు, గంటకు పదిహేను రూపాయలు. వేసవి సెలవులే మాకు సీజను. కౌంటర్ స్ట్రైక్ ఆడడానికి పిల్లోళ్ళు బయట మెట్ల మీద వరస కట్టేవాళ్ళు. రెండు దాటిందంటే చాలు, ఒక్కో సిస్టమ్ ఠప్పుమని ఆరిపోయేది. సరిగ్గా గెలిచేటప్పుడే ఆరిపోయేది, లేదా వాళ్ళు అట్లా అనేవాళ్ళు. డబ్బులు తిరిగియ్యమని ఒకటే గొడవ. క్యాబినెట్ల పక్క తలుపులన్నీ ఊడదీసి టేబుల్ ఫ్యాన్లు పెట్టినా. వేడిగాలినే తిప్పి తిప్పి కొట్టేది, దుమ్ము అదనం. చివరికి మా అమ్మ చెప్పింది, కిటికీకి గోనెపట్ట కట్టి గంటకోసారి నీళ్ళు చల్లమని. నవ్వుకుంటానే కట్టినా. మన వేసవి గాలిలో తేమ తక్కువ కాబట్టి నీళ్ళు తొందరగా ఆవిరై గాలిని చల్లబరుస్తాయి, ఎడారి కూలర్లో జరిగేదీ అదే. గోనెపట్ట కట్టిన కిటికీ పక్కనున్న రెండు సిస్టమ్‌లు ఆరడం మానేసినాయి. ఇంగ చూడు, ఆ రెండు సీట్ల కోసం కొట్లాట మొదలైంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊర్లోకి వచ్చి ఎనిమిదింటినీ ఒకేసారి చల్లబరిచి పోయినాయి. ఆ కత వద్దులే.

మనమే కాదు, పెద్ద పెద్ద కంపెనీలు కూడా వేడి చేతిలో దెబ్బ తిన్నవే. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 గుర్తుందా, ముందర మూడు ఎర్ర లైట్లు వెలిగి చచ్చిపోయేది? వేడెక్కడం, చల్లారడం, మళ్ళీ వేడెక్కడం, ఇట్లా జరిగీ జరిగీ లోపల సన్నటి అతుకులు విరిగేవి. 2007లో మైక్రోసాఫ్ట్ మూడేండ్ల వారంటీ ఇచ్చి, దానికోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ పాఠం అందరికీ ఎక్కినట్టుంది. 2020లో సోనీ వాళ్ళు ప్లేస్టేషన్ 5లో చిప్ మీద, దాని వేడిని పైరేకుకు అందించే మామూలు పేస్టు బదులు ద్రవలోహం పూసినారు. 2025లో వచ్చిన ఐఫోన్ 17 ప్రోలో వేపర్ చాంబర్ పెట్టినారు. పేరు చూసి భయపడాల్సిన పనిలేదు, మన ఇడ్లీ పాత్రే. అడుగున నీళ్ళు ఆవిరై లేస్తాయి, చల్లటి మూతకు తగిలి చుక్కలై మళ్ళీ కిందికి జారుతాయి, ఆ దారిలో వేడిని మోసుకుపోతాయి. ఫోన్లో అదంతా పలచటి రేకు పెట్టెలో జరుగుతుంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకో: అది వేడిని ఫోనంతా పరుస్తుంది, మాయం చెయ్యదు. పరిచిన వేడిని చివరికి తీసుకోవాల్సింది నీ గదిలో గాలే. ఆ గాలే 40 డిగ్రీలుంటే ఎన్ని చాంబర్లున్నా ఏం లాభం? నలభై వేల గేమింగ్ ఫోన్ వద్దన్నది ఇందుకే. అది పది నిమిషాలు కాకుండా ఇరవై నిమిషాలు ఆగుతుంది, అంతే.

ఇప్పుడు అంతరిక్షం. సినిమాల్లో మనిషిని నౌకలో నుంచి బయటికి తోస్తే క్షణంలో గడ్డకట్టి గాజుబొమ్మ అవుతాడు. అది చూసి పెరిగినోళ్ళం కాబట్టి అక్కడ అంతా ఫ్రిజ్ అనుకుంటాం. నిజానికి అది ఫ్రిజ్ కాదు, టీ ఫ్లాస్కు. ఫ్లాస్కు రెండు గోడల మధ్య గాలి తీసేస్తేనే గదా టీ వేడిగా ఉండేది. శూన్యంలో వేడిని మోసుకుపోయే గాలే లేదు, కాంతిలాగా వెలువరించి వదిలించుకోవడం ఒక్కటే దారి, దానికి ఇంతింత పెద్ద రేకులు కావాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఫోటో ఈసారి చూసినప్పుడు సోలార్ పలకలు కాకుండా తెల్లగా మడతలు మడతలుగా ఉండేవి చూడు. లోపలి వేడిని అమ్మోనియా మోసుకొచ్చి వాటిల్లో వదులుతుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోపయితే తాను చల్లగా ఉండడానికి టెన్నిస్ కోర్టంత ఐదు పొరల గొడుగు పట్టుకుని తిరుగుతోంది. 2025 నవంబరులో గూగుల్ వాళ్ళు సన్‌క్యాచర్ పేరుతో ఉపగ్రహాల్లో ఏఐ చిప్‌లు పెట్టి చూస్తామన్నారు. ఎండ మాత్రం అక్కడ ఫ్రీ. వేడి వదిలించుకోవడం వాళ్ళకూ ఒక పెద్ద తలనొప్పే. నీ ఫోను కష్టమే, కాస్త ఎత్తులో.

అందుకే నాకు సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో నౌకలు చూస్తే చిరాకు. లేజర్లు, ఇంజన్లు, మాట్లాడే కంప్యూటరు అన్నీ ఉంటాయి, వేడి పోయే రేకు ఒక్కటుండదు. కథలో తప్పులు క్షమిస్తా గానీ ఇది మాత్రం సర్వీసు సెంటరోడి కంటికి ఆగదు.

సరే, నీ పనికి వద్దాం. ముందు ఆ లావు పౌచ్ తీసెయ్, అది ఫోనుకు దుప్పటి. చార్జింగ్ పెట్టి ఆడొద్దు, చిప్ వేడికి బ్యాటరీ వేడి తోడవుతుంది, ఉబ్బిపోయిన బ్యాటరీలు వేసవిలోనే నా టేబుల్ మీదికి ఎక్కువ వస్తాయి. కొన్ని ఫోన్లలో బ్యాటరీని పక్కన పెట్టి నేరుగా కరెంటుతో నడిచే బైపాస్ చార్జింగ్ ఉంటుంది, ఉంటే వాడుకో. గేమ్ సెట్టింగుల్లో ఫ్రేములు ఒక మెట్టు దించు. సెకనుకు 90 పెట్టుకుని పది నిమిషాలకు 30కి పడేకంటే, మొదటినుంచీ 60 దగ్గర నిలకడగా ఆడేది మేలు. అంతగా కావాలంటే వీపుకు అతికించే కూలర్లు వెయ్యీ రెండు వేలలో దొరుకుతాయి, అవి నిజంగానే పనిచేస్తాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. మా అక్క కొడుకు పెట్టినాడు. కూరగాయల పక్కన పావుగంట. బయటికి తీయగానే చెంబుకు పట్టినట్టు ఫోనుకు చెమట పట్టి, కెమెరా అద్దం లోపల తేమ నిలిచింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. దానికి నూటికి తొంభై పాళ్ళు దుమ్మే జబ్బు. పోయినేడు బేతంచెర్ల నుంచి ఒకాయన వచ్చినాడు, బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. ఒక చోట చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, పద్నాలుగు వేలు అవుతుందన్నారంట. వెనక స్క్రూలు విప్పి ఫ్యాను లేపి చూస్తే గాలి పోయే సన్నటి రేకుల సందుల్లో తెల్లటి రాతిపిండి, తేమకు గట్టిపడి గోడకు సున్నం కొట్టినట్టుంది. పాత టూత్ బ్రష్‌తో గీకితే కాగితం మీద దోసెడు రాలింది, ముగ్గు వేసుకోవచ్చు. చిప్ మీది పేస్టు ఎండి విభూతిలాగా పొడి పొడి అయింది. తుడిచి కొత్తది పూసి మూసినా. అంతకుముందు ఎక్సెల్ తెరిస్తేనే 98 డిగ్రీలు చూపించేది, తర్వాత 70 దాటలేదు. ఆరు వందలు తీసుకున్నా. ఆయన నన్ను కాకుండా ఆ కాగితం మీది పిండిని చూస్తా ఉండిపోయినాడు, "ఇది మా బండదే" అని.

నీది ఆదోని కాబట్టి పత్తి దూది దొరుకుతుందేమో లోపల. తీయించు. రెండేండ్లు దాటిన ల్యాప్‌టాపయితే పేస్టు కూడా మార్పించు. పరుపు మీద, ఒళ్ళో దిండు మీద పెట్టి ఆడొద్దు, అడుగున గాలి పీల్చుకునే రంధ్రాలు మూసుకుపోతాయి. బండ మీద కూర్చుని, వెనక రెండు నోటు పుస్తకాలు ఎత్తు పెట్టి ఆడు. ఎడారి కూలర్ ఉంటే గదికి వెయ్యి, ల్యాప్‌టాప్ మూతికి ఎదురుగా వద్దు, నీళ్ళ తుంపర్లు పడతాయి.

నలభై వేలు బ్యాంకులోనే ఉంచు. జూన్లో మొదటి వాన పడి, గది ముప్పైకి దిగినాక, ఇదే ఫోన్లో ఇదే గేమ్ ఒక సాయంత్రం ఆడి చూడు. అప్పుడు కూడా పది నిమిషాలకే పడిపోతే, నీ ఫోను మోడల్, ఎన్నేండ్లయింది, బ్యాటరీ ఆరోగ్యం ఎంత చూపిస్తోంది రాసిపెట్టు. ఏది కొనాలో అప్పుడు చెప్తా.