తీసివేస్తే గ్రాఫు కుడికెందుకు జరుగుతుంది?

పాఠకుల గణిత సందేహాలు – జవాబులు

ప్రశ్న: మాస్టారూ, వై = ఎక్స్² గ్రాఫుకు 2 కలిపి వై = ఎక్స్² + 2 అని రాస్తే పరావలయం 2 యూనిట్లు పైకి లేస్తుంది. ఇది సులువుగానే అర్థమైంది. కానీ వై = (ఎక్స్ − 3)² అని రాస్తే అది 3 యూనిట్లు కుడివైపుకు జరుగుతుందట. తీసివేసినప్పుడు ఎడమకు కదా వెళ్లాలి? అడిగితే “బ్రాకెట్ లోపల ఉంటే తిరగబడుతుంది, అలాగే గుర్తుపెట్టుకో” అన్నారు. గుర్తుపెట్టుకున్నాను గానీ నమ్మకం కుదరడం లేదు.
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: నమ్మకం కుదరకపోవడమే మంచిదమ్మా. ఆ సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్లు పరీక్షలో ఎక్స్ + 3 కనిపించగానే ఎటు జరపాలో తేల్చుకోలేక తడబడుతుంటారు. ముందు రెండు వరుసల అంకెలు రాసుకో. ఎక్స్ విలువలు −2, −1, 0, 1, 2 అయినప్పుడు ఎక్స్² విలువలు వరుసగా 4, 1, 0, 1, 4 వస్తాయి. (ఎక్స్ − 3)² నుంచి అవే 4, 1, 0, 1, 4 రావాలంటే ఎక్స్‌కు 1, 2, 3, 4, 5 ఇవ్వాలి. పాత ప్రమేయం, అంటే ఎక్స్ ఇస్తే వై విలువను చెప్పే సూత్రం, సున్నా దగ్గర ఇచ్చిన విలువను కొత్త ప్రమేయం 3 దగ్గర ఇస్తోంది, ఎందుకంటే లోపలికి వెళ్లేముందు ప్రతి ఎక్స్ నుంచీ 3 కోత పడుతోంది. ఆ కోత పోగా పాత విలువ మిగలాలంటే మనం 3 ఎక్కువ తీసుకునే బయలుదేరాలి. అందుకే శీర్షం, అంటే పరావలయం మలుపు తిరిగే కొన, (0, 0) నుంచి (3, 0)కు, అంటే కుడికి, వెళ్లింది.

మీ ఊళ్లోనే శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉంది కనుక ఇదే సంగతిని రైలుతో చెబుతాను. పలాసలో బయలుదేరి మీ స్టేషను, విజయనగరం మీదుగా విశాఖపట్నం వెళ్లే ఒక పాసింజరు బండిని తీసుకో. టైంటేబిల్లు ప్రకారం టి నిమిషాల దగ్గర అది పలాస నుంచి ఎంత దూరంలో ఉండాలో ఎఫ్(టి) చెబుతుందనుకుందాం. ఒకరోజు బండి 40 నిమిషాలు ఆలస్యంగా బయలుదేరి, దారిలో ఆ ఆలస్యం పెరగకుండా, తగ్గకుండా నడిచింది. ఈ క్షణంలో బండి ఎక్కడుందో తెలియాలంటే 40 నిమిషాల క్రితం అది ఎక్కడ ఉండవలసిందో టైంటేబిల్లులో చూడాలి. అంటే ఎఫ్(టి − 40) చూడాలి. టైంటేబిల్లులో మనం వెనక్కి చూశాం, కానీ బండి ప్రతి స్టేషనుకూ 40 నిమిషాలు తర్వాత చేరింది. కాలాన్ని అడ్డంగా, దూరాన్ని నిలువుగా పెట్టి గీస్తే గ్రాఫు మొత్తం కుడికి 40 జరుగుతుంది. మైనస్ గుర్తు మనం చూసే చోటుకు సంబంధించినది. జరగడం సంఘటనకు సంబంధించినది.

ఇక “లోపల ఉంటే తిరగబడుతుంది” అన్న మాట. అసలు ఏదీ తిరగబడటం లేదన్నది నా అభిప్రాయం. వై = ఎఫ్(ఎక్స్) + 2 అనే సమీకరణాన్ని వై − 2 = ఎఫ్(ఎక్స్) అని రాసి చూడు. పైకి 2 జరగడానికి వై నుంచి 2 తీసేశాం. కుడికి 3 జరగడానికి ఎక్స్ నుంచి 3 తీసేశాం. రెండు అక్షాలకూ నియమం ఒక్కటే. పుస్తకాలు అలవాటు కొద్దీ వైని ఒంటరిగా ఎడమవైపు ఉంచి, దాని పక్కనున్న 2ను కుడివైపుకు పంపిస్తాయి. అటు వెళ్లినప్పుడు దాని గుర్తు మారుతుంది, అంతే. సాగదీతకూ ఇదే మాట వర్తిస్తుంది: వై = 2ఎఫ్(ఎక్స్) అంటే వై/2 = ఎఫ్(ఎక్స్), కనుక గ్రాఫు నిలువుగా రెట్టింపు అవుతుంది. ఎక్స్ స్థానంలో ఎక్స్/2 రాస్తే అడ్డంగా రెట్టింపు అవుతుంది, 2ఎక్స్ రాస్తే అడ్డంగా సగానికి నొక్కుకుపోతుంది.

అక్ష పరివర్తన పాఠం చదివినప్పుడు మూలబిందువును (3, 2)కు మార్చితే కొత్త నిరూపకాలు ఎక్స్ − 3, వై − 2 అవుతాయని చూస్తావు. అది వేరే పాఠం కాదు. ఎక్స్² − 6ఎక్స్ + 11 అనే వర్గ సమాసాన్ని పూర్ణ వర్గం చేస్తే (ఎక్స్ − 3)² + 2 వస్తుంది. దీన్ని పరావలయం (3, 2)కు కదిలిందని చెప్పినా, కదలని పరావలయం కోసం మూలబిందువునే (3, 2) దగ్గర పెట్టామని చెప్పినా గీసిన బొమ్మ ఒక్కటే.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను ట్యూషన్లు చెబుతాను. వై = √(2ఎక్స్ − 6) గ్రాఫు గీయమంటే పిల్లలు √ఎక్స్ గ్రాఫును అడ్డంగా సగానికి తగ్గించి, ఆపైన కుడికి 6 జరుపుతున్నారు. జవాబు తప్పు వస్తోంది. ఏది ముందు చేయాలో స్పష్టంగా చెప్పగలరా?
– ట్యూషన్ మాస్టారు, రాజాం

జవాబు: ఏది ముందు చేసినా ఫరవాలేదు, కానీ జరపవలసిన దూరం ఆ క్రమాన్ని బట్టి మారుతుంది. ముందుగా కుడికి 6 జరిపితే √(ఎక్స్ − 6) వస్తుంది, అందులో ఎక్స్ స్థానంలో 2ఎక్స్ రాస్తే √(2ఎక్స్ − 6) సరిగ్గా కుదురుతుంది. ముందుగా నొక్కితే √(2ఎక్స్) వస్తుంది. ఇప్పుడు ఎక్స్ స్థానంలో ఎక్స్ − 6 రాస్తే లోపల 2ఎక్స్ − 12 అవుతుంది. మనకు కావలసింది 2(ఎక్స్ − 3) కనుక ఈ దారిలో 3 మాత్రమే జరపాలి. మీ పిల్లలు రెండో దారిలో నడుస్తూ మొదటి దారి దూరాన్ని వాడుతున్నారు.

ఒక్క బిందువును పట్టుకుని వెంబడిస్తే వాళ్లకే తెలిసిపోతుంది. √ఎక్స్ గ్రాఫు మీద (4, 2) ఉంది. మొదటి దారిలో అది (10, 2)కు వెళ్లి, సగమై (5, 2) అవుతుంది. రెండో దారిలో (2, 2) అయి, 3 జరిగి మళ్లీ (5, 2)కే చేరుతుంది. ఎక్స్ = 5 అయితే √(10 − 6) = 2, సరిపోయింది. పిల్లల పద్ధతిలో (2, 2) నుంచి (8, 2)కు పోతుంది. అక్కడ √(16 − 6) అంటే √10, అది 2 కాదు. ప్రదేశం, అంటే ఎక్స్‌కు ఇవ్వదగిన విలువలన్నీ, కూడా ఇదే చెబుతుంది: 2ఎక్స్ − 6 రుణాత్మకం కాకూడదు కనుక గ్రాఫు 3 దగ్గర మొదలవ్వాలి, 6 దగ్గర కాదు. ప్రమేయం వెలుపల చేసే మార్పులకు ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే 3ఎఫ్(ఎక్స్) + 2లో ముందు గుణించి తర్వాత కలపాలని రాతలోనే కనిపిస్తుంది.

పనిలో పనిగా మరో మాట. నిలువు సాగదీతకూ అడ్డపు నొక్కుడుకూ తేడా చూపించడానికి ఎక్స్² గానీ √ఎక్స్ గానీ వాడకండి. (2ఎక్స్)² = 4ఎక్స్² కనుక అడ్డంగా సగం చేయడమూ నిలువుగా నాలుగింతలు చేయడమూ అక్కడ ఒకే బొమ్మనిస్తాయి, పిల్లలు రెండింటినీ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. √(4 − ఎక్స్²) అనే అర్ధవృత్తం తీసుకోండి. అది −2 నుంచి 2 వరకు పరుచుకుని 2 ఎత్తుంటుంది. ఎక్స్ స్థానంలో 2ఎక్స్ రాస్తే వెడల్పు −1 నుంచి 1 వరకు కుదించుకుపోతుంది, ఎత్తు 2గానే ఉండిపోతుంది. ఫోనులో గ్రాఫులు గీసే జియోజీబ్రా యాప్ ఉంటే స్లైడరు జరుపుతూ చూపవచ్చు, కానీ ముందు ఒక్కసారైనా గ్రాఫు కాగితం మీద చేత్తో గీయించండి.

ప్రశ్న: అయ్యా, ఎఫ్(−ఎక్స్) రాస్తే వై-అక్షంలో, −ఎఫ్(ఎక్స్) రాస్తే ఎక్స్-అక్షంలో ప్రతిబింబం వస్తుందని తెలుసు. అద్దాన్ని వై-అక్షం మీద కాకుండా మరో నిలువు గీత మీద పెడితే ఏం రాయాలి? ఇలాంటిది బయట ఎక్కడైనా కనిపిస్తుందా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: ఎక్స్ = ఎ అనే గీత అద్దమైతే, దానికి కుడివైపున డి దూరంలో ఉన్న బిందువు ప్రతిబింబం ఎడమవైపున డి దూరంలో పడుతుంది. ఎ + డి స్థానంలోకి ఎ − డి రావాలి, ఈ రెండింటి మొత్తం 2ఎ. కనుక ఎక్స్ స్థానంలో 2ఎ − ఎక్స్ రాయాలి. ఎ = 0 అయితే మీకు తెలిసిన ఎఫ్(−ఎక్స్) వస్తుంది.

ఇక బయట ఎక్కడన్నారు గదా, మీ ఊరి అరసవల్లిలోనే ఉంది. ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ ఉదయకిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయని భక్తులు బారులు తీరుతారు. సూర్యుడు ఉదయించే దిక్కును రోజులకు ప్రమేయంగా గీస్తే, డిసెంబరు 21 ప్రాంతంలో అది అన్నిటికన్నా దక్షిణానికి వెళ్లి వెనుదిరుగుతుంది. ఆ రోజు దగ్గర నిలువు గీత గీయండి. అక్టోబరు 2 దానికి 80 రోజుల ముందు, మార్చి 10 దానికి 79 రోజుల తర్వాత వస్తాయి. ఆ రెండు తేదీల్లోనూ సూర్యుడు తూర్పుకు దాదాపు 4 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. ద్వారాలు కదలవు కనుక, ఏటా రెండుసార్లు కిరణాలు దాదాపు ఒకే కోణంలో లోపలికి వస్తాయి. ఎఫ్(ఎ + డి) = ఎఫ్(ఎ − డి) అన్న సమీకరణం చెప్పేది ఇదే. రోజులను డిసెంబరు 21 నుంచి లెక్కపెట్టడం మొదలుపెడితే, అంటే మూలబిందువును అక్కడికి మార్చితే, ఇది మామూలు సరి ప్రమేయంలా, అంటే ఎఫ్(−ఎక్స్) = ఎఫ్(ఎక్స్) అయ్యేదానిలా, కనిపిస్తుంది.

అయితే ఈ సౌష్ఠవం కచ్చితమైనది కాదు. భూకక్ష్య దీర్ఘవృత్తం. భూమి జనవరి మొదటి వారంలో సూర్యుడికి అతి దగ్గరగా వచ్చి కాస్త వేగంగా తిరుగుతుంది. అందువల్ల సెప్టెంబరు విషువత్తు (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజు) నుంచి డిసెంబరు 21కి పట్టే కాలం కన్నా అక్కడి నుంచి మార్చి విషువత్తుకు పట్టే కాలం కొంచెం తక్కువగా, ఒకరోజు లోపు తేడాతో, ఉంటుంది.