సంపీడ్యమా, సంపీడనీయమా?

సందేహం: గాలి అతివేగంగా పారేటప్పుడు ఏమవుతుందో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో లెక్కగట్టే పద్ధతుల మీద తెలుగులో ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. ‘సంపీడ్య ద్రవాల ప్రవాహ అనుకరణ’ అని శీర్షిక పెట్టాను. చదివినవారిలో ఒకరు ‘సంపీడనీయ’ అనాలన్నారు. మరొకరు సంస్కృతం వద్దు, ‘కుదించదగిన’ అంటే చాలన్నారు. ఏది సాధువు? వ్యాసంలో అఘాత తరంగాలు, వత్తిడి అనే మాటలు కూడా తరచుగా వస్తాయి. అవి సరైనవేనా?

సమాధానం: సంపీడ్యం, సంపీడనీయం రెండూ సాధువులే. పీడ్ ధాతువుకు ‘తగినది’ అనే అర్థమిచ్చే సంస్కృత ప్రత్యయాల్లో యత్తు చేరితే ఒకటి, అనీయరు చేరితే మరొకటి. ‘సంపీడ్య’ అన్న రూపానికి ‘బాగా నొక్కి’ అనే ల్యబంతార్థం, అంటే ల్యప్ ప్రత్యయం చేరిన అసమాపక క్రియార్థం, కూడా ఉంది కదా అని కొందరు బెదురుతారు. ల్యబంతం ఇలా సమాసంలో ఇమడదు కనక ఆ బెదురు అక్కర్లేదు. మీ శీర్షికలో నాకు గుచ్చుకున్నది ‘ద్రవాల’ అన్న మాట. నీరు ద్రవం, పాదరసం ద్రవం. గాలి ద్రవం ఎప్పుడైంది? ఘనం కానిదల్లా ద్రవమేనన్నట్టు ‘ద్రవ గతిశాస్త్రం’ అని రాసేయడం ఈమధ్య మరీ ఎక్కువైంది. ద్రవాలకూ వాయువులకూ ఉమ్మడిగా ‘ప్రవాహి’ అన్న మాట పాఠ్యపుస్తకాల్లో ఉండనే ఉంది. అది వాడడానికి బద్ధకమెందుకు?

పీడ్ ధాతువు ప్రస్తావన వచ్చింది కనక నన్ను కాసేపు పక్కదారి పట్టనివ్వండి. తెలుగులో పీడ అంటే బాధే. పీడకల, పీడ విరగడ, అంతే. ధాతువుకు అసలు అర్థం నొక్కడం, పిండడం. పాణిపీడనం అంటే చేతికి నొప్పి కలిగించడం కాదు, పెళ్లి. భర్తృహరి ‘లభేత సికతాసు తైలమపి యత్నతః పీడయన్’ అన్నాడు. గట్టిగా యత్నించి పిండితే ఇసుకలోంచి కూడా నూనె రావచ్చునట. ఏనుగు లక్ష్మణకవి దాన్ని ఇలా తెనిగించాడు:

తివిరి యిసుమునఁ దైలంబుఁ దీయవచ్చు
దవిలి మృగతృష్ణలో నీరు ద్రావవచ్చు
దిరిగి కుందేటికొమ్ము సాధింపవచ్చుఁ
జేరి మూర్ఖుల మనసు రంజింపరాదు

‘యత్నతః’ తివిరి అయింది. మరి ‘పీడయన్’ ఏమైంది? కవి దాన్ని వదిలేశాడు, తెలిసే వదిలేశాడని నా నమ్మకం. ‘పీడించి’ అంటే తెలుగు చెవికి ఇసుకను హింసపెట్టినట్టుంటుంది. పైగా తేటగీతి పాదాల తొలి సూర్యగణాలు చూడండి. తివిరి, తవిలి, తిరిగి మూడూ నగణాలు, అన్నీ లఘువులే, మూడూ తకారంతో మొదలయ్యేవే. నాలుగో పాదంలో ‘చేరి’ అని గురువుతో మొదలయ్యే హగణం. అసాధ్యాలన్నీ తేలిగ్గా దాటేసిన నడక మూర్ఖుడి దగ్గరికి రాగానే ఒక్కసారి బరువెక్కింది. అనువాదమంటే ఇదీ. మాటకు మాట పేర్చేవాళ్లు ఈ పద్యాన్ని రోజుకోసారి చదువుకోవాలి.

మీ వ్యాసానికి పనికొచ్చేది రెండో పాదం. మృగతృష్ణ అంటే ఎండమావి. ఎండమావి ఎందుకు కనిపిస్తుంది? కాగిన నేలనంటిన గాలి పలచబడుతుంది, పైగాలి సాంద్రంగానే ఉంటుంది, ఆ తేడా వల్ల వెలుగు వంగుతుంది. 1887లో ఎర్న్‌స్ట్ మాక్, పీటర్ సాల్చర్ ప్రచురించిన తూటా ఛాయాచిత్రాల్లో, తూటా ముందు గాలిలో ఏర్పడిన తరంగం కనబడింది కూడా ఈ ధర్మం వల్లే. ఆ పద్ధతిని ష్లీరెన్ అంటారు. ఇవాళ సాఫ్ట్‌వేర్ కూడా లెక్క ముగిశాక సాంద్రత ఎక్కడ ఎంత త్వరగా మారుతోందో చూసి, అచ్చం అలాంటి బొమ్మనే గీసిపెడుతుంది.

అయితే ఎండమావిలో గాలిని ఎవరూ నొక్కలేదు. వేడికి పలచబడిందంతే. కాబట్టి సాంద్రత మారిన ప్రతి ప్రవాహాన్నీ సంపీడ్యం అనలేం. ఇంకో చిక్కు. సముద్రమట్టం దగ్గర గాలి సెకనుకు 100 మీటర్ల లోపు వేగంతో, అంటే మాక్ సంఖ్య (ప్రవాహ వేగాన్ని ధ్వని వేగంతో భాగిస్తే వచ్చేది) 0.3 లోపు, పారుతుంటే వేగం వల్ల దాని సాంద్రతలో వచ్చే మార్పు 5 శాతానికి మించదు. ఇంజనీర్లు ఆ గాలినే అసంపీడ్యంగా లెక్కిస్తారు. గొట్టంలో నీటిని హఠాత్తుగా వాల్వు మూసి ఆపితే మాత్రం, నొక్కుకోదని పేరుపడ్డ నీటికి కూడా సంపీడ్యత లెక్కలోకి తేవాలి, లేకపోతే ఆ దెబ్బ ఎంతో తేలదు. అందువల్ల ‘సంపీడ్య’ అన్న విశేషణం ప్రవాహికి కాక ప్రవాహానికి చేరాలి. మీరు ‘సంపీడ్య ద్రవాల’ అనడంలో రెండో దోషం అదీ.

సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తపరులు. ప్రవాహాలను లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సంపీడ్య ప్రవాహాల సాల్వర్లలో, అంటే సమీకరణాలు సాధించే ప్రోగ్రాముల్లో, కొన్నిటికి రోసెంట్రల్‌ఫోమ్, రోపింపుల్‌ఫోమ్ అని పేర్లు. ఆ ‘రో’ సాంద్రతకు గుర్తుగా వాడే గ్రీకు అక్షరం. పేరులో నొక్కుడు లేదు, సాంద్రత ఉంది. అసంపీడ్య ప్రవాహాలకు వాడే ఐకోఫోమ్‌లో ‘పి’ అనే రాశి కనిపిస్తుంది. అందరూ పీడనమే అంటారు కానీ అది పీడనాన్ని సాంద్రతతో భాగిస్తే వచ్చేది. రోసెంట్రల్‌ఫోమ్‌లోని ‘పి’ పాస్కళ్లలో ఉండే నిజమైన నిరపేక్ష పీడనం, అంటే శూన్యం నుంచి కొలిచేది. ఒకే అక్షరం, రెండు అర్థాలు. మీ పాఠకులకు ఇది చెప్పకపోతే ఒకదానికిచ్చిన విలువను రెండోదాంట్లో పెట్టి తికమకపడతారు. పైగా సంపీడ్య ప్రవాహంలో శక్తి సమీకరణమూ, పీడన సాంద్రత ఉష్ణోగ్రతలను ముడివేసే స్థితి సమీకరణమూ తోడు కావాలి.

‘కుదించదగిన’ సంగతి. నొక్కితే వస్తువు చోటు కదలకపోవచ్చు, అదిమితే కిందికి పోతుంది, పిండితే లోపలిది బయటికొస్తుంది. ద్రవ్యం తగ్గకుండా పరిమాణం తగ్గడానికి కుదించడమే దగ్గరి మాట, ఒప్పుకుంటాను. కానీ ‘కుదించదగిన ప్రవాహం’ అంటే ఏరును పొట్టి చేయమన్నట్టుంది. వాక్యంలో ‘గాలి కుదించుకుపోతుంది’ అనండి, పారిభాషిక పదంగా ‘సంపీడ్య ప్రవాహం’ ఉంచండి. సంపీడ్యత, అసంపీడ్య అనే రూపాలు ఇప్పటికే స్థిరపడ్డాయి కనక నా మొగ్గు అటు. ‘సంపీడనీయ’ రాసినా కొట్టివేయను. వేడివల్ల సాంద్రత మారే సందర్భాలు కూడా చర్చిస్తుంటే ‘సాంద్రత మారే ప్రవాహాలు’ అన్న తెలుగు మాటే మేలేమో, ఆలోచించండి.

‘అఘాతం’ అంటే దెబ్బ లేకపోవడం! దీర్ఘం మింగేశారు. అది ఆఘాత తరంగం, ఇంగ్లీషులో షాక్ వేవ్. ‘వత్తిడి’ కూడా తప్పే. ఒత్తు ధాతువు, ఒత్తిడి. వత్తి దీపంలో ఉంటుంది. అయినా లెక్కల వాక్యాల్లో పీడనమే వాడండి. అనుకరణ అంటే నాకు మిమిక్రీ గుర్తొస్తుంది. సిమ్యులేషన్ అని తెలుగు లిపిలో రాసుకోండి, ఎవరూ కాదనరు.