ఆ నల్లపూసలు సర్దుకోవద్దు

అమ్మాయ్, నువ్వు అడిగిన రెండు ప్రశ్నలకీ ముందే జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే అసలు సంగతి వాటిలో లేదు. ఈ చీకటి వల్లే ఏడుపొస్తోందేమో, డిసెంబర్‌లోనే ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చేయనా అన్నావు. చెయ్యకు. మంచు తుఫానుకి ఫ్లైట్ క్యాన్సిల్ అయిందని ఇంట్లో చెప్పి ఫంక్షన్ తప్పించుకోనా అన్నావు. వద్దు. ఇప్పుడు అసలు విషయం మాట్లాడుకుందాం.

చదివేవాళ్ల కోసం నీ కథ నాలుగు ముక్కల్లో. తెనాలి పిల్ల, ముప్ఫై ఆరేళ్లు, పెళ్లయి కెనడా వెళ్లింది, మూడేళ్ల కిందట విడాకులయ్యాయి. అక్కడే చదివి టీచరై, ఈ ఆగస్టులో కెనడా ఉత్తర కొసన నునావుట్ అనే ప్రాంతంలో ఇగ్లూలిక్ అనే ఊళ్లో ఆరో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పడానికి చేరింది. ద్వీపం మీద రెండు వేల మంది ఉండే ఊరు, ఇంచుమించు అందరూ ఆ మంచు ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ వాళ్లే. బయటి ఊళ్లకి రోడ్డు లేదు, విమానం ఎక్కాల్సిందే, పెద్ద సామాను ఏదైనా ఎండాకాలం ఓడలో రావాల్సిందే. నవంబర్ ఆఖరుకి మునిగిన సూర్యుడు మళ్లీ జనవరి మధ్యలో గానీ కనిపించడు. అన్నయ్యా వదినా టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చిన అమ్మ వాళ్ల దగ్గర. డిసెంబర్ 27న మేనకోడలి ఓణీల ఫంక్షన్. అమ్మ ఫోన్‌లో అన్నది ఇదీ: "వస్తే రా. అల్లుడికి లీవు దొరకలేదని అందరికీ చెప్పాను, నువ్వూ అదే చెప్పు. వచ్చేటప్పుడు నల్లపూసలు వేసుకో."

ఈ నాలుగు లైన్లూ నీ ఉత్తరంలో ఎక్కడున్నాయో తెలుసా? ఆఖర్న. "ఇది పెద్ద విషయం కాదులెండి మేడమ్" అని ఒక తోక కూడా తగిలించావు. మిగతాదంతా ఆ ఊరే. పోయిన తాతగారి పేరు పుట్టిన పిల్లాడికి పెడితే ఇంట్లో వాళ్లు వాడిని ఆ వరసతోనే పిలుస్తారనీ, బళ్లో ఏడేళ్ల బుడతణ్ణి ఒక పెద్దామె తండ్రిని పిలిచినట్టు పిలుస్తుందనీ రాశావు (మన మామ్మలు మొగుడి పేరు పెట్టుకున్న మనవణ్ణి పేరుతో పిలవకుండా తిప్పలు పడేవాళ్లు, కాబట్టి నాకు ఇది మరీ వింతగా అనిపించలేదు). పిల్లలు అవునంటే కనుబొమ్మలు ఎత్తుతారు, కాదంటే ముక్కు చిట్లిస్తారు, నోరు తెరవరు, మొదటి నెలంతా ఎవరూ జవాబు చెప్పడం లేదనుకుని టెన్షన్ పడ్డాను అన్నావు. చదవడానికి బాగుంది, ఆ ఊరంటే నీకు ఇష్టం కలుగుతోందని తెలుస్తూనే ఉంది. ఇంత ఇష్టం ఉన్న మనిషి రాజీనామా ఎందుకు రాస్తుంది?

చీకటి ఏమీ చెయ్యదని నేనను. మధ్యాహ్నం కాసేపు తెల్లవారబోతున్నట్టు నీలంగా వెలిగి మళ్లీ మూసుకుపోయే చోట ఎవరికైనా నిద్ర తప్పుతుంది, మనసు బరువెక్కుతుంది. దానికి ఊళ్లో హెల్త్ సెంటర్ ఉంటుంది, నర్సు దగ్గరికి ఈ వారమే వెళ్లు, విటమిన్ డి సంగతీ లైటు సంగతీ నిద్ర సంగతీ ఆమెనే అడుగు, నేను డాక్టర్ని కాను. బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా 988కి ఫోన్ చెయ్యి, కెనడాలో ఎక్కడి నుంచైనా, ఏ వేళప్పుడైనా పలుకుతారు. కానీ నీ ఉత్తరంలోనే ఒక లెక్క ఉంది, నువ్వు చూసుకోలేదు. సూర్యుడు పోయాక కూడా పిల్లలతో క్రిస్మస్ కాన్సర్ట్ ప్రాక్టీసు హుషారుగా చేయించానని రాశావు. ఏడుపు మొదలైంది ఆదివారం రాత్రి అన్నావు. ఆదివారం ఏం జరిగింది? అమ్మ ఫోన్ చేసింది. పాపం, నింద సూర్యుడి మీద పడింది.

మీ అమ్మగారి గురించి రెండు మాటలు. మీ నాన్నగారు పోయినప్పటి నుంచి ఆవిడ ఏ పేరంటంలోనూ ముందుకు రాలేదనీ, సొంత కొడుకు పెళ్లిలో కూడా స్తంభం పక్కన నిలబడిందనీ నువ్వే రాశావు. అది చదివి నాకు ఆవిడ మీద కోపం సగం తగ్గింది. భర్త పక్కన లేని ఆడదానికి శుభకార్యంలో ఎక్కడ చోటుంటుందో ఆవిడకి బాగా తెలుసు, నీకు ఆ చోటు రాకూడదని అబద్ధం అల్లుతోంది. నువ్వు తల దించుకోకూడదని ఆవిడ తాపత్రయం, అర్థమైంది. మిగతా సగం కోపం మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే తెనాలి ఇంటి మీద పైపోర్షన్ కట్టడానికి డబ్బు పంపింది నువ్వు, ఊళ్లో చెప్పుకునేది మాత్రం అల్లుడు కట్టించాడని! లేని మనిషికి నీ కష్టం రాసిచ్చింది మీ అమ్మ. నువ్వు ఊరుకున్నావు. మూడేళ్లుగా ఊరుకుంటూనే ఉన్నావు, అందుకే ఇప్పుడు ఆవిడ ఏమాత్రం తడబడకుండా నల్లపూసల దాకా వచ్చింది.

ఇంకో సంగతి అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. డిసెంబర్ 27 అంటే ధనుర్మాసం. తెనాలిలో అయితే ఆ నెలలో శుభకార్యమంటే మీ అమ్మగారే వద్దనేవారు. బ్రాంప్టన్‌లో పిల్లలకి సెలవులు అప్పుడే, హాలు దొరికింది అప్పుడే, కాబట్టి సర్దుకుపోయారు, తప్పేం లేదు. నెలనే సర్దుకున్నవాళ్లు ఆడపడుచు విడాకులు సర్దుకోలేరా?

నేను తల్లిని ఎదిరించమని చెప్పే మనిషిని కాను. అత్తమామల్ని చూడలేను, అమ్మానాన్నల్ని హోమ్‌లో వేస్తాను అని రాసిన వాళ్లకి నేను గట్టిగానే అక్షింతలు వేస్తుంటాను. డబ్బు పంపు, ఆరోగ్యం చూసుకో, ఆవిడ మాట విను, ఇవన్నీ నీ బాధ్యతే, తప్పించుకోలేవు. అయితే లేని మొగుడికి లీవు దొరకలేదని నలుగురిలో నిలబడి చెప్పడం ఏ కూతురి బాధ్యతా కాదు, ఇందులో నాతో ఎవరు వాదించినా నేను మారను.

ఆ తుఫాను ఉపాయం సంగతి చూడు. ఆ ఊళ్లో డిసెంబర్‌లో ఫ్లైట్లు నిజంగానే ఆగిపోతుంటాయి కాబట్టి నిన్నెవరూ అనుమానించరు, ఈ ఏడాది గట్టెక్కుతావు. తర్వాత గృహప్రవేశం వస్తుంది, ఆ తర్వాత ఇంకో పెళ్లి వస్తుంది. ప్రతిదానికీ తుఫాను ఎక్కడి నుంచి తెస్తావు?

పైగా ఈ అబద్ధం నీతోపాటు ఇగ్లూలిక్ కూడా వచ్చేసింది. మీ బళ్లో ఇన్యూట్ వాళ్ల భాష ఇనుక్టిటుట్ నేర్పే పెద్దావిడ, మీ ఆయన ఎక్కడుంటాడు అని మామూలుగా అడిగితే ఇండియాలో ఉన్నాడని చెప్పావట. అక్కడ నీకు ఎవరి భయం? ఆవిడ క్రిస్మస్ విందుకి రమ్మంటే తలనొప్పని తప్పించుకున్నావు, మళ్లీ మొగుడి ప్రస్తావన వస్తుందని. ఆవిడ ఎవరో కొంచెం ఆలోచించు. 1950, 60ల్లో ఆ చుట్టుపక్కల పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి, ఎక్కడో దూరంగా చెస్టర్‌ఫీల్డ్ ఇన్‌లెట్‌లో హాస్టల్లో పెట్టి చదివించారు. అక్కడ పిల్లల మీద జరిగిన ఘోరాలు చాలా ఏళ్లకి గానీ బయటపడలేదు. అలాంటి బళ్ల విషయంలో కెనడా ప్రధాని 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. చిన్నప్పుడు తననీ అలా పంపారని ఆవిడే నీతో చెప్పిందని రాశావు. బయటి నుంచి వచ్చిన టీచర్ని ఇంటికి భోజనానికి పిలవడం ఆ తరం వాళ్లకి చిన్న విషయం అనుకుంటున్నావా? తన బతుకులో కష్టమైన ముక్క నీ ముందు పెట్టింది, నువ్వు తిరిగిచ్చింది ఇండియాలో ఉన్న మొగుణ్ణి.

ఇక పిల్లలు. జనవరిలో వస్తావా అని ఒక పిల్లాడు అడిగాడనీ, నవ్వి ఊరుకున్నాననీ రాశావు. వాడు ఊరికే అడగలేదమ్మా. సెలవులకని వెళ్లి తిరిగి రాని టీచర్లని ఆ ఊళ్ల పిల్లలు చూస్తూనే ఉంటారు. నువ్వు కనుబొమ్మలూ ఎత్తలేదు, ముక్కూ చిట్లించలేదు. ఇప్పటికే బడికి సరిగ్గా రావడం లేదని నువ్వు వాపోతున్న పిల్లలు, ఇంకో టీచరు కూడా మాయమయ్యాక మరింత మానేస్తారు తప్ప ఎందుకొస్తారు? జూన్ దాకా ఒప్పుకున్న పని జూన్ దాకా చెయ్యి. ఆ తర్వాత ఉండాలా వద్దా అన్నది నీ ఇష్టం, దానికి నా సలహా అక్కర్లేదు.

చెయ్యాల్సింది చెప్తాను. మొదట ఫోన్ అమ్మకి కాదు, వదినకి చెయ్యి. ఫంక్షన్ ఆవిడ కూతురిది, పిలవాల్సింది ఆవిడ, ఇంతవరకూ ఆవిడ నీతో మాట్లాడినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆవిడ మనసులో ఏముందో నువ్వూ నేనూ ఊహించుకోవడం ఎందుకు? "వదినా, నేను వస్తాను, మేనత్తని కాబట్టి హారతి ఇస్తాను, ఎవరైనా అడిగితే విడాకులయ్యాయనే చెప్తాను, మీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పండి" అని అడుగు. ఇంతే, ఇంకేమీ కలపకు, ఏడవకు, పాత విషయాలు తవ్వకు. రమ్మంటే ఇకాలుయిట్, ఒట్టావా మీదుగా వెళ్లి, మేనకోడలికి మంచి పట్టుచీర పెట్టి, అందరితో కలిసి కూర్చుని తిని రా. దారిలో వాతావరణం బాగోక ఆగిపోవచ్చు కాబట్టి రెండు మూడు రోజులు ముందే బయల్దేరు, తిరుగు టికెట్ కూడా ఇప్పుడే కొను, రాజీనామా ఆలోచన మళ్లీ తలెత్తకుండా ఉంటుంది. వద్దు, అత్తయ్యగారు ఒప్పుకోరు అని వదిన నసిగితే వెళ్లకు, కారణం ఉన్నదున్నట్టు అన్నయ్యకి మెసేజ్ పెట్టు, చదువుకున్నవాడు, అతనికీ కొంచెం ఇబ్బంది కలగనీ. ఇన్నాళ్లూ తల్లి చాటున దాక్కున్నాడు.

వెళ్లకపోతే ఒంటరిగా ఎలా అంటావేమో. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా కమ్యూనిటీ హాల్లో రోజూ ఆటలూ డ్యాన్సులూ ఉంటాయని నువ్వే రాశావు. అందరూ నేల మీద చుట్టూ చేరి, గడ్డకట్టిన చేపనీ కారిబూ అనే మంచుజింక మాంసాన్నీ ఆడవాళ్లు అర్ధచంద్రంలా ఉండే కత్తితో కోసి పెడుతుంటే తినే విందు. నువ్వు తినగలిగింది తిను, లేకపోతే బ్యానక్ రొట్టెతో సరిపెట్టుకో, నీ వంతుగా ఒక గిన్నెడు పులిహోర కలిపి పట్టుకెళ్లు. వెళ్లే ముందు ఆ పెద్దావిడ దగ్గర కూర్చుని, ఇండియాలో మొగుడెవరూ లేడని చెప్పెయ్యి.

అమ్మకి అన్నిటికన్నా చివర ఫోన్ చెయ్యి. వదినతో మాట్లాడానని చెప్పు, నల్లపూసలు వేసుకోనని చెప్పు, పైపోర్షన్ నా డబ్బుతో కట్టానని బంధువులకి నేనే చెప్తానని కూడా చెప్పు. అరుస్తుంది, నాన్నగారి పేరెత్తుతుంది, ఫోన్ పెట్టేస్తుంది. పెట్టేయనీ. రెండో రోజు ఆవిడే చేస్తుంది, చెయ్యకపోతే మూడో రోజు నువ్వు చేసి బీపీ మాత్ర వేసుకుందో లేదో కనుక్కో, ఫంక్షన్ ఊసెత్తితే మాత్రం మాట మార్చకు.