అమ్మలూ, ఆ అట్టముక్క ఇంట్లోనే వదిలేసి వెళ్ళు

అమ్మలూ,

నువ్వూ అల్లుడుగారూ బుజ్జిగాడ్నీ మీ అత్తగారినీ తీసుకుని ఫ్రాన్స్‌లో ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీదకి టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు చూడ్డానికి వెళ్తున్నారని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, చెప్పినోడు ఊరుకోకుండా అట్టముక్క మీద ‘విజీనారం’ అని మన ఊరి పేరు తెలుగులో రాసి టీవీలో కనపడేలా పట్టుకుంటారంట అన్నయ్యా అన్నాడు. అద్దె సైకిల్ మీద కోట చుట్టూ చక్కర్లు కొట్టినోడి కూతురు అంత పెద్ద రేసు దగ్గర నిలబడుతుందంటే సంతోషమే, కానీ ఆ అట్టముక్క మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. నీళ్ళు, టోపీలు, మడత కుర్చీలు, పులిహోర. టికెట్ ఉండదు, కానీ కొండ రోడ్లు చాలా ముందే మూసేస్తారు, చీకట్లోనే బయల్దేరండి.

కొండ ఎంచుకోవడం మాత్రం మంచి పని చేశావ్. మేం మీ అక్క దగ్గరకి వచ్చినప్పుడు చదును రోడ్డు పక్కన ఎండలో పడిగాపులు కాస్తే, ముందు హెలికాప్టర్ చప్పుడు వినిపించింది, తర్వాత జుయ్‌మని ఒక గాలి, అంతే, మీ పెద్దమ్మ పర్సులోంచి కళ్ళజోడు తీసేలోపు అయిపోయింది. ఎక్కుడు దగ్గరయితే పాపం సైకిళ్ళ వాళ్ళు కూడా ఆయాసపడతారు, ఒక్కొక్కళ్ళ మొహం చూడొచ్చు. అక్కడ 21 మలుపులుంటాయి, కింద 21తో మొదలై పైన 1కి వస్తాయి. ఏడో మలుపు దగ్గర నిలబడకు, అది హాలండ్ వాళ్ళ అడ్డా, బీర్లూ పాటలూ గోల. మీ అత్తగారికి మోకాళ్ళు కదా, బాత్రూం దొరికేలా ఊరు తగిలే చోట చూసుకోండి. ఎన్నింటికి వస్తారో టైం టేబుల్‌లో మూడు రకాలుగా ఇస్తారు, స్పీడుని బట్టి, అన్నిటికంటే ముందున్న టైమే నమ్ము.

రేసు కంటే రెండు గంటలు ముందు కంపెనీల బళ్ళు వరసగా వస్తాయి, టోపీలూ కీచైన్లూ చాక్లెట్లూ విసురుతారు. నాకు భయం అక్కడే. 2002లో ఏడేళ్ళ పిల్లాడ్ని అలాంటి బండే గుద్దేసింది, చనిపోయాడు. రోడ్డు మీద పడింది బంగారమైనా సరే వంగొద్దు, బుజ్జిగాడి చెయ్యి వదలొద్దు.

నీకు గుర్తుండదు, నీకప్పుడు నాలుగేళ్ళు. మన ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజు, మూడు లాంతర్ల సెంటర్ దగ్గర ఇసకేస్తే రాలని జనం. మీ నాన్న స్నేహితుడి దగ్గర యాషికా కెమెరా అడిగి తెచ్చుకుని ఒకటే హడావిడి. నిన్ను భుజం మీద కూర్చోబెట్టుకోరా అంటే వినడు. ఏనుగు రథం వెళ్ళింది, పాలధార వెళ్ళింది, అదిగో సిరిమాను అన్నారు, పొడుగాటి మాను, పైన కొసన కూర్చున్న పూజారిగారు, కింద నుంచి జనం అరటిపళ్ళు విసురుతున్నారు, వీడు ఫోటో కోసం రెండు చేతులూ పైకెత్తాడు. అంటే నీ చెయ్యి వదిలేశాడన్నమాట. దించి చూసేసరికి నువ్వు లేవు. జనం ఒక్క తోపు తోసేశారు, నేనో పక్క, వాడో పక్క, మీ అమ్మ అరుగు మీద కూలబడిపోయి ఏడుపు కూడా రావట్లేదు. మైకులో చెప్పించాం, ఆ డప్పుల్లో ఎవరికి వినపడుతుంది? చివరికి గంటస్తంభం వైపు బెల్లం కొట్టాయన గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకున్నాడు నిన్ను, కాలికి ఒక్కటే చెప్పు, చేతిలో నలిగిపోయిన అరటిపండు, గౌనంతా గుజ్జు, ఏడుపు లేదు, మమ్మల్ని చూసి ‘నాన్నేడీ’ అన్నావ్. మీ నాన్నని ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఇప్పుడు రాయకూడదు. ఫోటో కడిగిస్తే అందులో ఎవరిదో తలపాగా, ఆ పైన కాస్త మాను.

అందుకే చెప్తున్నా. 2021లో ఇదే రేసు మొదటి రోజు ఒకావిడ తాతకీ మామ్మకీ పలకరింపుగా అట్ట రాసి, టీవీ కెమెరా వైపు తిరిగి రోడ్డు మీదకి పెట్టింది, సైకిళ్ళకి వీపు పెట్టి. రేసులో ఉన్న టోనీ మార్టిన్ దాన్ని తగిలి పడ్డాడు, వెనకాల వచ్చే వాళ్ళంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు. తర్వాత కోర్టు 1200 యూరోలు జరిమానా వేసింది. ఆవిడ చెడ్డదేం కాదే, పెద్దవాళ్ళ మీద ప్రేమతోనే చేసింది. కానీ మాకోసం నువ్వలాంటి పని చెయ్యొద్దు, టీవీలో నువ్వు కనపడకపోతే మాకేం లోటు లేదు, వీడియో కాల్‌లో రోజూ చూస్తూనే ఉన్నాం.

ఫోన్ అల్లుడుగారి చేతికివ్వు, నువ్వు పిల్లాడ్ని పట్టుకో, ఇద్దరూ ఒకేసారి ఫోటోలు తీయకండి. అందరూ వెళ్ళాక ఆఖర్న ఊడ్చుకుపోయే వ్యాను ఒకటొస్తుంది, అది దాటేవరకూ రోడ్డు మీదకి దిగొద్దు. మొత్తం మీద ముందున్నోడికిచ్చే పసుపు జెర్సీ ఎవరేసుకున్నాడో సాయంత్రం నాకు ముందు చెప్పు, మీ నాన్నకి తర్వాత.

మీ పెదనాన్న