కోడి దొంగకు ఏ జైలు?

ప్రశ్న: 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ పల్లెల్లో చిన్న దొంగలు దొరికితే ఎక్కడ పెట్టేవారు?

జవాబు: ముందు ఊళ్లోనే. జీతం లేకుండా పనిచేసే ఊరి కానిస్టేబుల్, తాగి గొడవ చేసినవాణ్నీ కోడిని ఎత్తుకెళ్లినవాణ్నీ చిన్న రాతిగదిలో రాత్రికి పడేసి, తర్వాత మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టేవాడు. సోమర్సెట్‌లోని కాజిల్ కేరీలో 1779లో కట్టిన గుండ్రటి గది ఇప్పటికీ ఉంది, చాలా ఇరుకు. దొంగసొత్తు విలువ 12 పెన్నీలు దాటకపోతే సాధారణంగా కొరడా దెబ్బలే, దాటితే చట్టం ప్రకారం ఉరి కూడా పడొచ్చు. నాకు అన్నిటికంటే ఘోరం అనిపించేది ఖైదీల దగ్గర జైలర్ వసూలు చేసే ఫీజు: నిర్దోషి అని తేలినా అది కట్టలేక పేదవాళ్లు లోపలే మగ్గిపోయేవారు. బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీ షెరీఫ్ (అక్కడి జైలు బాధ్యత చూసే అధికారి) జాన్ హోవర్డ్ దీనిపై పోరాడాకే, 1774లో పార్లమెంటు చట్టం చేసి అలాంటివాళ్లకు ఆ ఫీజు తీసేసింది.