ఇంత హాయిగా ఆడుతుంటే అణచివేత ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి చెన్నైలోనే కూచిపూడి నేర్చుకుంటోంది. చైనాలోని ఉయ్‌ఘర్ల నాట్యం వీడియోలు ఫోన్‌లో తెగ చూస్తోంది. రంగురంగుల బట్టలు, నవ్వు ముఖాలు. వాళ్లను అణచివేస్తున్నారంటే నమ్మడం లేదు. ఏం చెప్పాలి మేడమ్?
– ఒక తల్లి, వేళచ్చేరి

జవాబు: ఆ వీడియోల్లో వాళ్లు ఎవరు పిలిస్తే వచ్చి ఆడుతున్నారో చూడమనండమ్మా.

ఉయ్‌ఘర్లు చైనా వాయవ్యాన షిన్‌జియాంగ్‌లో ఉండే ముస్లిం జాతి. వాళ్ల ఆటకు పుట్టిల్లు మెష్‌రెప్ అనే కూడిక. ఊళ్లోవాళ్లు ఒకరింట్లోనో పెరట్లోనో చేరతారు. ఒకరు డప్పు అందుకుంటే పాట మొదలవుతుంది, పెద్దాచిన్నా లేచి ఆడతారు. మధ్యలో ఆట ఆపి తగవులు తీరుస్తారు. తప్పు చేసినవాడికి అందరి ముందూ నవ్వులాటగా శిక్ష వేస్తారు. మన రచ్చబండా పెళ్లి సందడీ ఒకేచోట జరిగినట్టుంటుంది.

షిన్‌జియాంగ్‌లోని గుల్జా పట్టణంలో 1990లలో కుర్రాళ్లను తాగుడు, మత్తుమందుల నుంచి తప్పించడానికి ఈ మెష్‌రెప్‌లనే మళ్లీ నిలబెట్టారు. జనం తమంతట తాము కూడటం ప్రభుత్వానికి నచ్చలేదు. 1995లో నిషేధించింది. 1997 ఫిబ్రవరిలో అక్కడ నిరసనకు దిగినవాళ్లపై కాల్పులు జరిగాయి. అదే మెష్‌రెప్‌ను తక్షణం కాపాడాల్సిన వారసత్వంగా 2010లో యునెస్కో గుర్తించింది. పేరు పంపింది చైనాయే! ఆట స్టేజీ మీద, టూరిస్టుల ముందు సాగుతోంది. ఇంటికి పిలిచేవాళ్లు, తగవు తీర్చే పెద్దలు అందులో లేరు.

2017 నుంచి చైనా ప్రభుత్వం లక్షలమంది ఉయ్‌ఘర్లను శిబిరాల్లో నిర్బంధించింది. ఊరూరా తిరిగి ఉయ్‌ఘర్ జానపద సంప్రదాయాలను సేకరించిన ప్రొఫెసర్ రహీలే దావుత్ ఆ ఏడాది డిసెంబరులో కనిపించకుండా పోయారు. ఆమెకు యావజ్జీవ శిక్ష పడిందని 2023లో బయటపడింది. ఆ సంప్రదాయాలు తెలిసినవాళ్లను లోపల పెడితే పిల్లలకు చెప్పేదెవరు? నాట్యం నేర్పేదాన్ని కాబట్టి నాకు అన్నిటికంటే కడుపు మండేది ఇక్కడే.

మన సంగతీ చెప్పండి. 1947 మద్రాసు దేవదాసీ చట్టం ఆడపిల్లల్ని గుడికి అంకితమిచ్చే ఆచారాన్ని ఆపింది. అది ఆగాల్సిందే. కానీ గుళ్లలో, ఉత్సవాల్లో ఆ స్త్రీల నాట్యాన్ని కూడా నేరం చేసింది. క్షేత్రయ్య పదాలకు అభినయం పట్టి తరతరాలు నిలబెట్టింది గోదావరి జిల్లాల్లో దేవదాసీ కుటుంబాలైన కలావంతుల ఇళ్లలో ఆడవాళ్లే. వాళ్లు గజ్జెలు విప్పేస్తే, పదాలు సభల్లో వేరేవాళ్ల పేరు మీద వెలిగాయి. శిబిరాలకూ దీనికీ పోలిక పెట్టను. నాట్యం బతికినంత మాత్రాన దాన్ని మోసినవాళ్లు బాగున్నట్టు కాదని మాత్రం మీ అమ్మాయికి తెలియాలి.

కజకిస్థాన్‌లో ఉన్న ఉయ్‌ఘర్లు ఇప్పటికీ మెష్‌రెప్ పెట్టుకుంటారు. ఆ వీడియోలు దొరికితే వీటి పక్కన పెట్టి చూపించండి. ఎక్కడ కెమెరా వైపు చూస్తూ ఆడుతున్నారో, ఎక్కడ ఎదుటి మనిషిని చూస్తూ ఆడుతున్నారో తనే కనిపెడుతుంది.